పాత 214 హైవే కొస ఎక్కడ? నంబరు పోయిన రోడ్ల మొదళ్లూ చివళ్లూ వెతికేవాళ్లు ఇటు రండి

గోదారిగట్టు
కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా పోయే రోడ్డుని మేం చిన్నప్పట్నుంచీ 214 అనే అంటాం. ఇప్పుడు బోర్డుల మీద 216. నంబరు మారింది, సరే, దాంతో నాకు పేచీ లేదు. కానీ పాత 214 ఒంగోలు దాకా వెళ్లేది కాదు కదా, మరి ఎక్కడ ఆగేది? ఏ మ్యాపు తెరిచినా 216 అని ఒంగోలు దాకా గీత లాగేస్తోంది. పాత నంబరు కొడితే అలాంటిది లేదు పొమ్మంటోంది. ఊళ్లో అడిగితే ఒకరు పాలకొల్లు, ఇంకొకరు నరసాపురం. మా బాబాయి బందరు అని పందెం కూడా కాశాడు. రద్దయిన నంబర్ల అసలు కొసలు పట్టుకోడానికి పద్ధతేమన్నా ఉందా? బండేసుకుని వెళ్లి సరిగ్గా ఆ చోట నిలబడాలని సరదా.

బెజవాడ_బస్సు
పామర్రు. బాబాయి ఓడాడు గానీ మరీ దూరం పోలేదు.

గోదారిగట్టు
పామర్రా? అది గుడివాడ అవతల కదండీ. 216 అటు పోనే పోదు.

బెజవాడ_బస్సు
కిటుకంతా దిగమర్రులో ఉంది. పాత 214 దిగమర్రు నుంచి పాలకొల్లు, భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా వచ్చి పామర్రులో బందరు రోడ్డుకి తగిలేది. బందరు రోడ్డంటే అప్పటి 9. దిగమర్రు నుంచి నరసాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల, ఒంగోలు వెళ్లేదానికి 214ఎ అని వేరే నంబరు ఉండేది. 2010లో దేశమంతా కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు 214 ముందు భాగాన్నీ 214ఎనీ అతికి 216 చేశారు. మిగిలిన తోక, అంటే దిగమర్రు నుంచి పామర్రు, 165 అయింది.

టోపోషీటు
పై పోస్టుకి ఒక మాట చేరుస్తా. దిగమర్రు జంక్షన్ అక్కడే ఉంది, హోదాలు తారుమారయ్యాయి. అప్పట్లో భీమవరం వైపుది అసలు రోడ్డు, నరసాపురం వైపుది కొమ్మ. ఇప్పుడు నరసాపురం వైపుది అసలు, భీమవరం వైపుది కొమ్మ. అందుకే అక్కడ నిలబడి ఎవర్నడిగినా వయసుని బట్టి జవాబు వస్తుంది.

గోదారిగట్టు
అంటే పాలకొల్లు అన్నాయన కూడా పూర్తిగా తప్పు కాదన్నమాట. 214ఎ మొదలు అక్కడే కదా.

నిద్రరాదు
కొస దొరికాక ఏం చేస్తారండీ అక్కడ? కొబ్బరికాయ కొడతారా?

బెజవాడ_బస్సు
పామర్రులో టీ తాగి వెనక్కొస్తారు.

రాళ్లసీమ_రాజా
మా పక్క ఇంకా ఘోరం. 18 అంటే కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు. రెండు కొసలూ కచ్చితంగా తెలిసిన రోడ్డు: కర్నూలులో 7, చిత్తూరులో 4. ఇప్పుడది 40. కర్నూలు కొస అట్లే ఉంది. చిత్తూరు కొస మాత్రం పోయింది, ఎందుకంటే 40 అక్కడ ఆగకుండా రాణిపేట దాకా పోతుంది. చిత్తూరులో ఇప్పుడు "18 యాడ అయిపోయేది" అని అడిగితే కుర్రోళ్లు నన్నే ఎగాదిగా చూస్తారు.

కిమీ_రాయి
ఆ 18 నంబరు ఎక్కడికి పోయిందో తెలుసా? ధన్‌బాద్ పక్కన గోవింద్‌పూర్ నుంచి జంషెడ్‌పూర్, బారిపదా మీదుగా బాలేశ్వర్ దాకా పోయే రోడ్డుకిచ్చారు. పాత 5 (మన కోస్తా మీదుగా చెన్నై పోయేది) మొదలున్న ముక్క సరిగ్గా దానికిందే పడింది.

రాళ్లసీమ_రాజా
అంటే మా 18 పోయి మీ 5 నెత్తిన కూర్చుందా! ఒక్కటైనా కచ్చ తీరింది.

కిమీ_రాయి
అసలు కుర్చీలాట వినండి. గుత్తిలో ఆగే 63 (అంకోలా, హుబ్లీ, హోస్పేట, గుత్తి) నంబరు నిజామాబాద్–జగ్దల్‌పూర్ రోడ్డుకి పోయింది. నిజామాబాద్–జగ్దల్‌పూర్ రోడ్డు పాత నంబరు 16 కోస్తాకి వచ్చింది. కోస్తాలో ఉన్న 5 పంజాబ్ వెళ్లిపోయి ఫిరోజ్‌పూర్ నుంచి సిమ్లా మీదుగా షిప్కి లా ఎక్కింది. ఇక కన్యాకుమారి 7 ఇప్పుడు ఫాజిల్కా నుంచి బదరీనాథ్ వైపు. రిటైరై తీర్థయాత్రకి పోయిందనుకోవాలి.

రాళ్లసీమ_రాజా
పలమనేరు, చిత్తూరు మీదుగా పోయే 4 కథ చెప్పడం మర్చిపోయినావు. అది ఏకంగా అండమాన్‌లో తేలింది. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి మాయాబందర్ వైపు పోయేదాన్ని ముందు 223 అనేవాళ్లు, ఇప్పుడదే 4.

నిద్రరాదు
అంటే "పాత 4 మీద పోదాం రా" అంటే ఓడ టికెట్టు తీయాలి.

అడవిదారి
మా దిక్కు 202 ఉండె. హైదరాబాద్, వరంగల్, వెంకటాపురం, భూపాలపట్నం. కాగితం మీద చూస్తే ఒక్క గీత. ఏటూరునాగారం దాటినంక ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన లేని రోజులల్ల హైవే ఈ ఒడ్డుకు ఆగిపోయేది, మళ్ల ఆ ఒడ్డున లేచేది. గట్లాంటి రోడ్డుకు కొస ఏదంటరు? గెజిట్ ప్రకారం ఛత్తీస్‌గఢ్‌ల ఉన్న భూపాలపట్నం, అప్పటి 16 మీద. బస్సు డ్రైవర్‌నడిగితే నది ఒడ్డే.

గోదారిగట్టు
మాకూ అంతే కదా. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన పడకముందు 214 గౌతమిలో దిగి పంటు ఎక్కేది. కాకినాడ నుంచి వచ్చే లారీకి అక్కడే హైవే అయిపోయినట్టు లెక్క. పంటు ఇటువైపు వచ్చేదాకా రోడ్డు మీదే వంట.

అడవిదారి
202 ఇప్పుడు 163. భూపాలపట్నం కొస మారలే, హైదరాబాద్ కొస మాయమైంది. ఇప్పుడది ఊరు దాటి చేవెళ్ల, మన్నెగూడ మీదికెళ్లి కొడంగల్ దాకా పోతది. చేవెళ్ల మర్రిచెట్ల గురించి అందరు మాట్లాడుతున్న రోడ్డు గిదే. మా తాతకు 202 అంటే వరంగల్ రోడ్డు, మా పిల్లలకు 163 అంటే మర్రిచెట్ల రోడ్డు.

లారీమావయ్య
నంబర్లు నాకెప్పుడూ ఎక్కలేదు. సాలూరు లారీలోళ్లం మేం "రాయపూర్ రోడ్డు" అంటాం, అంతే. అయినా 43 కొస నాకు బాగా తెలుసు. నాతవలస. విజయనగరం కాదు, చాలామంది విజయనగరం అనుకుంటారు.

టోపోషీటు
లారీమావయ్య గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 1956 జాతీయ రహదారుల చట్టం జాబితాలో 43 గురించి ఉన్నది "రాయపూర్, విజయనగరం కలుపుతూ విజయనగరం దగ్గర 5తో కలిసేచోట ముగిసేది" అని. కలిసే చోటు నాతవలస. ఇప్పటి 26 కూడా అక్కడే ముగుస్తుంది. నంబరు మారినా దక్షిణ కొస కదల్లేదు. మధ్యలోనే చీలికలు పేలికలు: రాయపూర్–జగ్దల్‌పూర్ 30లోకి, జగ్దల్‌పూర్–బొరిగుమ్మ 63లోకి, బొరిగుమ్మ నుంచి కోరాపుట్, సాలూరు, విజయనగరం మీదుగా నాతవలస 26లోకి.

లారీమావయ్య
సుంకి ఘాట్‌లో బ్రేకులు కాలిన వాసనకి నంబరుతో పనిలేదు బాబూ.

గోదారిగట్టు
టోపోషీటు గారూ, ఆ చట్టం జాబితా మీదే ఆధారపడితే చాలా? "విజయనగరం దగ్గర" అంటే ఎంత దగ్గర?

టోపోషీటు
చాలదు. ఆ జాబితా ఊళ్ల పేర్లు చెప్పి ఊరుకుంటుంది, జంక్షన్ చెప్పదు. 5 సంగతి చూడండి: "బహరాగోరా దగ్గర 6తో కలిసేచోట మొదలై కటక్, భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడ, మద్రాసు" అని ఉంటుంది. నేల మీద 5 మొదలయ్యేది ఝార్పొఖరియాలో. బహరాగోరా ఇప్పుడు జార్ఖండ్, ఝార్పొఖరియా ఒడిశా మయూర్‌భంజ్ జిల్లా. రాష్ట్రమే వేరు! జాబితా పట్టుకుని బండెక్కితే సరిహద్దు అవతల దిగుతారు.

ఇంకో చిక్కు, కొసలు కాలంతో పాటు జరుగుతాయి. అదే జాబితాలో మొదట్లో 9 అంటే పుణె, షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ. అంతటితో సరి. బందరు తర్వాత చేరింది. కాబట్టి "పాత 9 ఎక్కడ ముగిసేది" అనేవాళ్లు ఏ సంవత్సరమో కూడా చెప్పాలి.

బెజవాడ_బస్సు
అందుకే కాబోలు మా నాన్న ఇప్పటికీ "బెంజి సర్కిల్ దాకా నేషనల్ హైవే, అక్కణ్ణుంచి బందరు రోడ్డు" అంటాడు. మేం నవ్వేవాళ్లం.

కొలతబద్ద
ఇవన్నీ కాగితాలు. నేల మీద చూడండి. పైన పసుపు పూసిన కిలోమీటరు రాయి జాతీయ రహదారిది, ఆకుపచ్చది రాష్ట్ర రహదారిది. రాయి మీద కిలోమీటర్లు మొదటి కొస నుంచే లెక్క. రాయి పట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటూ పోతే సున్నా దగ్గర తేలుతారు.

కిమీ_రాయి
ఒప్పుకోను. (పేరు చూసి నవ్వకండి.) ఆ లెక్క చిన్న రోడ్లకి పనికొస్తుంది. పెద్ద రోడ్ల మీద సున్నాలు మధ్యలోనే మళ్లీ మొదలవుతాయి. హైదరాబాద్–విజయవాడ నాలుగు వరుసలు చేసిన కాంట్రాక్టు 9 మీద కి.మీ. 40 నుంచి 221.5 దాకా. ఆ 40 పుణె నుంచి కాదు, హైదరాబాద్ నుంచి. వారణాసిలో మొదలయ్యే 7 మీద ఆర్మూరు నుంచి అడ్లూరు ఎల్లారెడ్డి దాకా ముక్క కి.మీ. 308 నుంచి 367. హైదరాబాద్ దాటి శంషాబాద్ వైపు పోతే మళ్లీ 22, 23 అంటూ మొదలై జడ్చర్ల దగ్గరికొచ్చేసరికి 80. వారణాసి నుంచి వచ్చిన లెక్క అయితే ఈ అంకెలు పొసగుతాయా?

కొలతబద్ద
అంటే రాళ్లు అబద్ధం చెబుతాయంటారు.

కిమీ_రాయి
అబద్ధం చెప్పవు. ఏ సున్నా నుంచి లెక్కో చెప్పవు, అంతే.

టోపోషీటు
మీ ఇద్దరి గొడవకీ 5 మీదే మంచి ఉదాహరణ ఉంది. చిలకలూరిపేట–విజయవాడ ముక్క కాంట్రాక్టు కి.మీ. 355 నుంచి 434.15. విజయవాడ వైపు పెరుగుతోంది కాబట్టి సున్నా చెన్నైలో. అదే చిలకలూరిపేట నుంచి నెల్లూరు వైపు ముక్కకి కాంట్రాక్టు రాసేసరికి కి.మీ. 1182.8 నుంచి 1366.5. ఇది నెల్లూరు వైపు పెరుగుతోంది, అంటే సున్నా ఉత్తరం కొసన. ఒకే ఊరు ఒక కాగితంలో 355, ఇంకో కాగితంలో 1182.8.

ఇప్పుడు రెండూ కలపండి. 1537.8. పాత 5 మొత్తం పొడవు లెక్కల్లో 1533 కిలోమీటర్లు. నాలుగైదు కిలోమీటర్ల తేడాతో సరిపోయింది. ఝార్పొఖరియా వెళ్లకుండానే, చిలకలూరిపేటలో కూర్చుని దాని మొదలు పట్టుకోవచ్చు.

నిద్రరాదు
అర్ధరాత్రి క్యాలిక్యులేటర్ తీసి కలిపాను. నిజమే. ఇక నిద్ర రాదు.

కొలతబద్ద
ఆ నాలుగైదు కిలోమీటర్లు బైపాస్‌లవి అయ్యుంటాయి. ఊళ్లోంచి పోయే రోడ్డుని పక్కకి తిప్పినప్పుడల్లా పొడవు మారుతుంది, రాళ్లు మాత్రం పాత లెక్కలోనే ఉండిపోతాయి.

కిమీ_రాయి
సరిగ్గా ఆ ఊళ్లోకే వెళ్లమంటాను నేను. బైపాస్ పడ్డాక ఊళ్లోని పాత ముక్క మీద ఎవరూ పెద్దగా చెయ్యి పెట్టరు. కొత్త రోడ్డు మీద పాత రాళ్లు ఎప్పుడో పీకేసి ఉంటారు. వాటికంటే కల్వర్టులు నమ్మకం. పిట్టగోడ లోపలి వైపు చూడండి, 43/2 లాగా రాసి ఉంటుంది: 43వ కిలోమీటరులో రెండో కల్వర్టు అని. గోడకి సున్నం వేసినప్పుడల్లా అంకె మీద అంకె రాస్తారు. పైన పెచ్చు ఊడిన చోట కింద ఇంకో అంకె బయటపడుతుంది. నేను చూసిన ఒకదాని మీద పైన నల్లరంగులో ఒక లెక్క, పెచ్చు ఊడిన మూల ఎర్రరంగులో పూర్తిగా వేరే లెక్క. సున్నా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

గోదారిగట్టు
ఇది బాగుంది. పామర్రు వెళ్లేటప్పుడు కల్వర్టులు చూసుకుంటూ వెళ్తాను. అంకె పెరుగుతూ ఉంటే సున్నా కత్తిపూడి వైపు అనుకోవచ్చు కదా?

కిమీ_రాయి
అవును, ఆ గోడ మీద ఉన్నది 165 వచ్చాక రాసింది కాకపోతే. రెండు మూడు చూసి పోల్చుకోండి. ఒక్కదాన్నే నమ్మొద్దు.

దస్తావేజు
మీరందరూ రాళ్లంటున్నారు, నాకు ఇదే గోల బ్యాంకులో వచ్చింది. మా తాత కొన్న స్థలం దస్తావేజులో ఉత్తరం హద్దు "నేషనల్ హైవే 9". లోను కోసం కొత్తగా తీసిన కాగితాల్లో 65. రెండూ ఒకే రోడ్డని రుజువు తెమ్మన్నారు. రోడ్డు కదల్లేదు మహాప్రభో అంటే వినరు. చివరికి కొత్త నంబర్ల గెజిట్ ప్రింటు తీసి, పాతా కొత్తా పక్కపక్కన ఉన్న పట్టిక చూపిస్తే గానీ ఫైలు కదల్లేదు.

రాళ్లసీమ_రాజా
దస్తావేజు అన్నా, ఇది మంచి ఆధారం. పాత రిజిస్ట్రేషన్ కాగితాల్లో హద్దులు చూస్తే ఏ ఊరి దాకా ఏ నంబరు నడిచిందో తెలుస్తుంది. మా పెదనాయన కాగితాల్లో 205 ఉంది. అనంతపురం, కదిరి, మదనపల్లె, పీలేరు, రేణిగుంట, పుత్తూరు, చెన్నై. దాన్నిప్పుడు ముగ్గురు పంచుకున్నారు: మదనపల్లె దాకా 42, అక్కడినుంచి తిరుపతి వైపు 71, రేణిగుంట అవతల చెన్నై వైపు 716.

విజినారం_పిల్ల
205కీ 5కీ సంబంధం ఉందా? 214కీ 14కీ? నంబర్లు చూసి రోడ్డు ఊహించొచ్చని ఎవరో అన్నారు.

టోపోషీటు
పాత వాటికి లేదు. 200 దాటినవి వరసగా ఇచ్చుకుంటూ పోయారు, అంతే. కొత్త వాటికి ఉంది. మూడంకెలుంటే చివరి రెండూ తల్లి రోడ్డు: 165 తల్లి 65, పామర్రులో దాన్ని తాకుతుంది. 216 తల్లి 16. 163 తల్లి 63, భూపాలపట్నంలో కలుస్తాయి. రెండంకెల్లో బేసివి తూర్పు పడమరలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. సరివి ఉత్తర దక్షిణాలు, తూర్పు నుంచి పడమరకి పెరుగుతాయి. కాబట్టి కొత్త నంబరు చూస్తే కనీసం ఒక కొస ఎక్కడుంటుందో ఊహకందుతుంది. పాత నంబరు చూస్తే ఏమీ అందదు, వెతకాల్సిందే.

విజినారం_పిల్ల
అయితే వెతకడానికి ఇంట్లోంచి మొదలుపెట్టాలంటే?

టోపోషీటు
సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే నేల తీరూ రోడ్లూ వివరంగా గీసిన మ్యాపులు. 1:50,000 వాటిని ఉచితంగానే దించుకోవచ్చు. ముద్రణ సంవత్సరం చూసుకుని తీయండి, పాత ముద్రణ దొరికితే ఇంకా మేలు. రోడ్డు మీద హైవే నంబరు, పక్కన చిన్న అంకెల్లో కిలోమీటరు రాళ్లు ఉంటాయి. బాగా పాత షీట్లలో అవే మైళ్లు. నంబరు ఏ జంక్షన్ దగ్గర ఆగిపోయిందో అక్కడ వేలు పెట్టండి. తర్వాత గెజిట్, ఆ తర్వాతే బండి.

లారీమావయ్య
ముందు బండి. జంక్షన్‌లో పాత టైర్ల షాపు ముసలాయన్ని అడిగితే మీ షీట్లన్నిటికన్నా ముందు చెప్తాడు.

కొలతబద్ద
చెప్తాడు. గోదారిగట్టు గారి బాబాయిలా చెప్తాడు.

అడవిదారి
😂

బెజవాడ_బస్సు
ఇంకోటి మిగిలింది, 221. జగ్దల్‌పూర్ నుంచి భద్రాచలం, కొత్తగూడెం, తిరువూరు మీదుగా వచ్చేది. విజయవాడలో ముగిసేదని అంతా రాస్తారు. ముగిసేది ఇబ్రహీంపట్నంలో, 9 మీద. ఇప్పటి 30 కొస కూడా అక్కడే. జగ్దల్‌పూర్ కొసే లేదిప్పుడు, 30 ఆగకుండా రాయపూర్ మీదుగా ఉత్తరాఖండ్ సితార్‌గంజ్ దాకా పోతుంది.

లారీమావయ్య
అంటే ఇబ్రహీంపట్నంలో ఎక్కితే నంబరు మారకుండా రాయపూర్. నా సర్వీసంతా 43 మీద ఘాట్ ఎక్కి వెళ్లాను కదయ్యా.

గోదారిగట్టు
ఆదివారం దిగమర్రులో మొదలుపెట్టి పామర్రు దాకా వెళ్తున్నా. వెనక సీటు ఖాళీ. కల్వర్టు గోడలు వంగి చూడ్డానికి మోకాళ్లు బాగున్నవాళ్లు కావాలి.

నిద్రరాదు
నేనొస్తా. పెట్రోలు మీది, క్యాలిక్యులేటర్ నాది.

కిమీ_రాయి
ఫొటోలు పెట్టేటప్పుడు అంకె ఒక్కటే కాకుండా గోడ ఏ ఊరి వైపుదో కూడా రాయండి. పోయినసారి ఒకాయన పన్నెండు కల్వర్టులు పెట్టాడు, ఒక్కటీ ఎక్కడిదో తెలియలేదు.